ఢిల్లీ విమానం ఈఎంఐ మీద ఎక్కాలా?

ప్రశ్న: మాది గుంటూరు. ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 62 వేలు వస్తాయి. అమ్మానాన్నలు ఇంతవరకు విమానం ఎక్కలేదు. ఈ సంక్రాంతి సెలవులకు వాళ్లనీ, మా ఆవిడనీ, ఆరేళ్ల పాపనీ ఢిల్లీ తీసుకెళ్దామని ఉంది. ట్రావెల్ ఏజెంట్ నాలుగు రాత్రుల ప్యాకేజీ లక్షా 35 వేలు అంటున్నాడు. 12 నెలల నో-కాస్ట్ ఈఎంఐ (వడ్డీ లేని వాయిదాలు) ఉందట. అది తీసుకోనా, లేక ఉన్న లక్షన్నర ఎఫ్‌డీ తీసెయ్యనా?

జవాబు: రెండూ వద్దు. ప్రయాణం మాత్రం మానకండి. సంక్రాంతికి కాకుండా ఫిబ్రవరి మూడో వారంలో వెళ్లండి. జనవరిలో ఢిల్లీ పొగమంచుకు విమానాలు గంటలకొద్దీ ఆగుతాయి, ఒక్కోసారి రద్దవుతాయి. ఐదుగురితో ఒక రాత్రి అదనంగా ఉండాల్సి వస్తే ఆ ఖర్చు మీదే. ఫిబ్రవరిలో చలి తగ్గుతుంది, రాష్ట్రపతి భవన్‌లోని అమృత్ ఉద్యాన్ తెరిచి ఉంటుంది, ప్రవేశం ఉచితం. పాప నాలుగు రోజులు బడి మానితే కొంపేమీ మునగదు.

ఆ ఎఫ్‌డీ మీ రెండున్నర నెలల జీతం కూడా కాదు. పెద్దవాళ్లున్న ఇంట్లో దాన్ని కదపకూడదు. ఇక నో-కాస్ట్ అన్న మాట: మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తావని ఏజెంట్‌ను అడగండి. తగ్గించే ఆ మొత్తమే మీరు కట్టబోయే వడ్డీ. కార్డు మీదైతే ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ అదనం.

ఈ ఆగస్టు నుంచి జనవరి దాకా నెలకు 15 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే 90 వేలు చేరుతుంది. వెళ్లేటప్పుడు గన్నవరం నుంచి నేరుగా విమానం, తిరుగు ప్రయాణం విజయవాడకు రైలు. మనిషికి 7 వేల చొప్పున విమానానికి 35 వేలు, థర్డ్ ఏసీకి సుమారు 12 వేలు, రెండు గదులకు 20 వేలు, తిండికీ తిరుగుడుకూ 20 వేలు అనుకున్నా 87 వేలే. విమాన ఛార్జీలు రోజూ మారుతుంటాయి కాబట్టి డిసెంబరు నుంచే చూస్తూ ఉండండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. సీనియర్లకు రైల్వే రాయితీ 2020లోనే పోయింది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

విమానం టికెట్‌తో పాటు అంటగట్టే భోజనం, బీమా, ప్రాధాన్య చెకిన్ వదిలెయ్యండి. నాన్నగారికి కిటికీ సీటుకు మాత్రం డబ్బు పెట్టండి, అక్కడ పీనాసితనం వద్దు.

మీ జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉందా? పాత పన్ను విధానంలో ఉంటేనే దానికి మినహాయింపు. అదీ ప్రయాణ ఛార్జీకే, హోటల్‌కు రాదు. ప్యాకేజీ బిల్లులో అన్నీ కలిపి రాస్తే క్లెయిమ్ దగ్గర చిక్కే, నేను ప్యాకేజీ వద్దనడానికి ఇదో కారణం. అమ్మానాన్నలు మీమీద ఆధారపడినవాళ్లయితే వాళ్ల టికెట్లూ చెల్లుతాయి. బోర్డింగ్ పాసులు దాచండి, ఆఫీసులో సెలవు పెట్టే వెళ్లండి. ఈ మినహాయింపు నాలుగేళ్ల బ్లాకుకు రెండు ప్రయాణాలకే. 2022-25 బ్లాకులో వాడకుండా మిగిలిన ఒక ప్రయాణాన్ని 2026 డిసెంబరులోగా వాడుకోవచ్చు. దానికోసం నవంబరులో బయల్దేరకండి, ఆ నెలలో ఢిల్లీ గాలి పెద్దవాళ్లకు మంచిది కాదు. ఫిబ్రవరి ప్రయాణం 2026-29 బ్లాకులోకి వస్తుంది, అందులో మీకు రెండు ప్రయాణాలున్నాయి.

సోమవారం ఢిల్లీలో ఉండేలా పెట్టుకోకండి. ఎర్రకోట, అక్షర్‌ధామ్, నేషనల్ మ్యూజియం, అమృత్ ఉద్యాన్ అన్నీ ఆ రోజు మూతే. మంగళవారం దిగి శనివారం రైలెక్కండి. మధ్యాహ్న భోజనానికి ఇండియా గేట్ దగ్గరి ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది, హోటల్ బిల్లు కలిసొస్తుంది, పెద్దవాళ్లకు అన్నం, పప్పు దొరుకుతాయి.