ఆకుపచ్చ అనే మాట లేకుండా ఒక ఆకు గురించి రాయి

నాయనా,

నీ ఉత్తరం, దాంతో పంపిన మూడు బొమ్మలూ చూశాను. కేరళ వెళ్తేగానీ మంచి మొక్కల బొమ్మలు రావేమో, తిరుపతిలో ఎండా దుమ్మూ తప్ప ఏముంది అని రాశావు. ఆ మాటకు బాధేసింది. నీ వయసులో నేనూ అలాగే అనుకుని, క్యాలెండర్లలో పూలు చూసి నాలుగేళ్లు బొమ్మలు వేశాను.

ఒకరోజు అరటిగెల వేస్తే మా అమ్మ చూసి, "కాయలన్నీ కిందికి వేలాడుతుండాయేం నాయనా, అవి పైకి కదా తిరిగుండేది" అంది. నిజమే. గెల కిందికి దిగుతుంది, కాయలు మాత్రం ఒంపు తిరిగి పైకి లేస్తాయి. రోజూ ఆ చెట్టు మొదట్లోనే కాళ్లు కడుక్కునేవాణ్ని, అయినా చూడలేదు! ఆ తర్వాత నెల రోజులు దాని ముందే కూర్చున్నాను. గాలికి ఆకు ఎక్కడపడితే అక్కడ చిరగదు, ఈనె గీతల వెంబడే చీలుతుంది. ఆకాశం వెలుగు పడినచోట కాస్త నీలంగా కనిపిస్తుంది, వెనక నుంచి ఎండ దూరితే అదే ఆకు పసుపుగా మండుతుంది.

నువ్వు కథలు కూడా రాస్తున్నావు కాబట్టి చెప్తున్నా, బ్రష్ కంటే ముందు పెన్ను పట్టుకో. ఎదురుగా ఉన్న మొక్క గురించి పది లైన్లు రాయి, ఆకుపచ్చ, అందమైన అనే మాటలు రెండూ రాకూడదు. మొదట్లో చేయి ఆడదు. కానీ అలా ఇబ్బంది పడుతున్నప్పుడే జిల్లేడాకు మీద విబూది పూసినట్టున్న పొడి కంటపడుతుంది, మామిడి చిగురు రాగి రంగులో నీరసంగా వేలాడటం కంటపడుతుంది. ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం వల్ల వచ్చే ఆ ఎరుపు, పత్రహరితం నిండేకొద్దీ కొన్ని వారాల్లో పోతుంది, కాబట్టి చిత్తూరు దారిలో బెంగళూరా మామిడి తోటలు చిగురేసినప్పుడు ఆలస్యం చేయొద్దు. ఇంకోటి, ట్యూబులో ఉన్న పచ్చరంగు నేరుగా కాగితానికి పూయకు. అల్ట్రామెరీన్ నీలంలో పసుపు కలిపి, కొంచెం బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు వేసి చూడు, నీ మూడో బొమ్మలో వేపచెట్టు ప్లాస్టిక్‌లా ఎందుకుందో నీకే అర్థమవుతుంది.

మన చెట్లు బొమ్మకు పనికిరావని ఎవరన్నా అంటే విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త సంగతి చెప్పు. సామర్లకోటలో ఉంటూ ఆయన ఈ దేశపు చిత్రకారుల చేత కోరమాండల్ తీరపు మొక్కల్ని వేయించాడు. 1795 నుంచి లండన్‌లో భాగాలుగా అచ్చయిన ఆ పుస్తకంలో 300 బొమ్మలున్నాయి, మొక్కలకు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. ఆ మోదుగలూ ఆ టేకులూ ఇప్పటికీ మన చుట్టూనే ఉన్నాయి కదా.

వీలు చూసుకుని శ్రీకాళహస్తి పోయిరా, బస్సెక్కితే గంట ప్రయాణం. కలంకారీ వేసేవాళ్ల దగ్గర ఊరికే కూర్చో. గుడ్డను కరక్కాయ పొడీ పాలూ కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి కసిం అనే ద్రావణం తీస్తారు. వెదురు కలంతో ఆ కసింను గుడ్డ మీద గీస్తే, కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి గీత నల్లబడుతుంది. అక్కడ చెట్టు బొమ్మ గీసేదీ చెట్టిచ్చిన రంగుతోనే, అది దగ్గరుండి చూశాక నీ రంగుల పెట్టె నీకు కొత్తగా కనిపిస్తుందని నా నమ్మకం.

శేషాచలం వైపు పోతే ఎర్రచందనం బెరడు చూడు, మొసలి వీపులా ముక్కలు ముక్కలుగా పగిలి ఉంటుంది. దారి పక్కనే నిలబడి గీసుకో, అడవిలోంచి కొమ్మ కాదు కదా, ఆకు కూడా తేవద్దు.

ముందు మాత్రం మీ మిద్దె వెనక నీళ్ల తొట్టి దగ్గర చేమాకులున్నాయన్నావే, అక్కడ మొదలుపెట్టు. పొద్దున్నే పోయి చెంబుతో నాలుగు చుక్కలు చల్లు. నీళ్లు ఆకుకు అంటవు, గుండ్రంగా ఉండలు కట్టి దొర్లుతాయి. ఒక్క బొట్టును పట్టుకుని, దాని మెరుపు కోసం కాగితం తెల్లగా ఎక్కడ వదలాలో చూసుకో. బొమ్మ తర్వాత వేద్దువుగానీ, ఆ పది లైన్లు రాసి ఈ ఆదివారం లోపల నాకు పంపు.

ఉంటాను,
మీ పెదనాన్న