ఎడ్డీ గార్సియా గురించి రాసేటప్పుడు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

ఫిలిప్పీన్స్ సినీ నటుడు ఎడ్డీ గార్సియా మీద నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఆయన గురించి తెలుగులో రాయాలని పూనుకోవడమే నాకు సంతోషం కలిగించింది. విషయ సేకరణలో నీ శ్రమ కనిపిస్తూనే ఉంది. 1929లో సోర్సొగోన్ ప్రాంతంలో పుట్టడం, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఫిలిప్పీన్ స్కౌట్స్ దళంలో సైనికుడిగా ఒకినావాలో పనిచేయడం, 1949లో మాన్యుయెల్ కోండే చిత్రంతో తెరకు పరిచయమవడం, సంపగీటా స్టూడియోలో ప్రతినాయకుడిగా స్థిరపడడం, ఉత్తమ నటుడు, సహాయ నటుడు, దర్శకుడు అనే మూడు విభాగాల్లోనూ ఫిలిప్పీన్స్ సినీ పురస్కారాలైన ఫమాస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు సంపాదించడం, అన్నీ రాశావు. అయినా చదవడం పూర్తయ్యాక ఆ మనిషి నా కళ్లకు కట్టలేదు.

అందుకు మొదటి కారణం, నువ్వు ఆయన మరణంతో మొదలుపెట్టడం. 2019 జూన్ 8న మనీలాలోని తోండోలో ఒక టీవీ ధారావాహిక చిత్రీకరణ జరుగుతుండగా కేబుల్ కాలికి తట్టుకుని ఆయన పడిపోయారు. మెడ ఎముక విరిగింది. మళ్లీ స్పృహ రాలేదు. జూన్ 20న, 90వ ఏట కన్నుమూశారు. ఇలా మొదలుపెడితే పాఠకుడు చదవడం ఆపడని నీ నమ్మకం, అది నిజమే కావచ్చు. కానీ ముగింపు ముందే చెప్పేసిన జీవితంలో ప్రతి సంఘటనా ఆ ముగింపుకు మెట్టులాగే కనిపిస్తుంది. నీ వ్యాసంలో ‘విధి’ అన్న మాట పదే పదే రావడం అందువల్లనే. ఆ కేబుల్‌ను అక్కడ పరిచింది విధి కాదు.

ఆయనను ముందు పనివాడిగా చూడు. ఒక స్టూడియోతో ఒప్పందం చేసుకుని, ఇచ్చిన పాత్ర వేసి, హీరో చేతిలో దెబ్బలు తిని, మర్నాడు మరో సెట్‌కు సమయానికి వెళ్లిన మనిషి. పిలిచిన వేళకంటే ముందే వస్తారనీ, సంభాషణలు కంఠతా పట్టుకునే వస్తారనీ ఆయనతో పనిచేసినవారు తరతరాలుగా చెప్పుకున్నారు. నువ్వు దీన్ని ‘క్రమశిక్షణ’ అనే ఒక్క విశేషణంతో దాటేశావు. నా దృష్టిలో ఆయన జీవితచరిత్రకు ఇదే వెన్నెముక. దాదాపు 70 ఏళ్లపాటు తెర మీద నిలవడం ప్రతిభ ఒక్కదానివల్ల అయ్యే పని కాదు.

ఇక నీ వ్యాసంలో నాకు పెద్ద లోటుగా తోచిన విషయానికి వస్తాను. 1970ల ఆరంభంలో లీనో బ్రొకా దర్శకత్వంలో వచ్చిన ‘తుబోగ్ స గింతో’ను నువ్వు చిత్రాల జాబితాలో చేర్చి వదిలేశావు. అందులో ఆయన భార్యా కొడుకూ ఉన్న సంపన్న గృహస్థు. తనకు పురుషుల పట్ల ఉన్న ఆకర్షణను లోకానికి తెలియకుండా దాచుకుని, ఆ దాపరికం వల్లనే బెదిరింపులకు లోబడి నాశనమయ్యేవాడు. అప్పటికి ఆయన నలభైలలో ఉన్నారు. మగతనానికి మారుపేరైన క్రూర పాత్రలతో జనం గుర్తుపట్టే ముఖం అది. ఆ ముఖం మీద భయం చూపించడానికి ఒప్పుకోవడం ఆ రోజుల్లో ఎంత సాహసమో ఆలోచించు.

ఆ తరువాత 2012లో, 83వ ఏట, జూన్ రోబ్లెస్ లానా తీసిన ‘బ్వాకవ్’లో రెనే అనే ఒంటరి వృద్ధుడి పాత్ర వేశారు. ఉద్యోగ విరమణ చేసినా తపాలా కార్యాలయానికి వెళుతూనే ఉంటాడు రెనే. తన సామానంతా పెట్టెల్లో సర్ది, ఏది ఎవరికి చెందాలో వాటి మీద పేర్లు రాసిపెట్టుకుంటాడు. శవపేటిక కూడా ముందే కొనుక్కుంటాడు. వీలునామా మార్చుకోవడానికి పాదిరీ దగ్గరకు వెళుతుంటాడు. తాను స్వలింగ ప్రేమికుణ్ణని అంగీకరించేసరికే ఆయుష్షు గడిచిపోయింది. తోడుగా మిగిలింది ఒక వీధికుక్క, దానికీ ప్రాణం మీదికి వస్తుంది. దశాబ్దాలపాటు ప్రతినాయకుడిగా అలవాటైన కరకుదనాన్నే ఆయన ఇక్కడ ముసలితనపు చిరాకుగా మార్చుకున్నారని నాకనిపిస్తుంది. అందువల్లనే ఆ చిరాకు వెనుక మెత్తదనం బయటపడినప్పుడు మనం తట్టుకోలేం. ఈ పాత్రకు ఆయనకు 2013లో ఆసియన్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది.

2018లో, 89వ ఏట, ‘రెయిన్‌బోస్ సన్‌సెట్’ వచ్చింది. మరణశయ్య మీద ఉన్న పాత ప్రియుణ్ణి చూసుకోవడానికి ఇల్లు విడిచి వెళ్లే మాజీ సెనేటర్ పాత్ర. ఆ సంగతి తెలిసినా అండగా నిలిచే భార్యగా నటించినది గ్లోరియా రొమేరో, 1950లలో అదే సంపగీటాలో మహారాణిలా వెలిగిన నటి. మొదటి చిత్రంలో దాచుకున్నవాడు, రెండోదానిలో ఆలస్యంగా ఒప్పుకున్నవాడు, మూడోదానిలో నలుగురి ముందూ చెప్పినవాడు. ఈ మూడింటినీ వరసగా పెట్టి చూస్తే దాదాపు అర్ధశతాబ్దంలో ఆ సమాజం ఎంత నడిచిందో ఒకే నటుడి ముఖంలో కనిపిస్తుంది. నీ వ్యాసానికి గుండెకాయ ఇక్కడ ఉంది. ఎన్ని పేజీలైనా ఇక్కడే ఖర్చుపెట్టు.

అదే ఏడాది ‘ఎంఎల్’లో, మతిమరుపు వ్యాధివల్ల 1970ల సైనిక శాసనం ఇంకా అమలులోనే ఉందనుకుని విద్యార్థులను చిత్రహింసలు పెట్టే మాజీ కర్నల్‌గా కూడా నటించారు. ఫిలిప్పీన్స్‌లో జరిగే సినిమలయా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడయ్యారు. జాలి కలిగించే వృద్ధ పాత్రలకే పరిమితం కాకుండా అంతటి భయంకరమైన పాత్రను ఆ వయసులో ఎంచుకున్న తీరును తప్పక ప్రస్తావించు.

శీర్షికలో ‘ఫిలిప్పీన్స్ ఎస్వీ రంగారావు’ అన్నావు, దయచేసి తీసెయ్యి. ఆ మాట చదవగానే తెలుగు పాఠకుడి మనసులో రంగారావుగారు వచ్చి కూర్చుంటారు. ఆ మహానటుడు అక్కడ కూర్చున్నాక గార్సియాకు చోటెక్కడ?

మరణం గురించి రాయవలసిన చోటు చివరి భాగం. అది కూడా కన్నీటి వర్ణనగా కాదు, పని ప్రదేశంలో జరిగిన ప్రమాదంగా రాయి. 90 ఏళ్ల నటుడు పరుగెత్తవలసిన చోట నేల ఎలా ఉండాలి, ప్రథమ చికిత్స తెలిసినవారు పక్కన ఉండాలా వద్దా అన్న ప్రశ్నలు ఆ రోజు తరువాతే ఆ దేశంలో గట్టిగా వినిపించాయి. 2024 మేలో సంతకమైన 11996వ రిపబ్లిక్ చట్టాన్ని ఎడ్డీ గార్సియా చట్టమనే పిలుస్తారు. సినిమా, టీవీ కార్మికులకు మామూలు పని దినం 8 గంటలనీ, పొడిగించినా 14 దాటకూడదనీ, వారానికి 60 గంటలే గరిష్ఠమనీ అది నిర్దేశించింది. లైట్లు మోసేవాడికీ, కేబుళ్లు చుట్టేవాడికీ కూడా ఆ చట్టం వర్తిస్తుంది. ఆయనను పనివాడిగా చూపిస్తూ వచ్చిన వ్యాసంలో ఈ వివరం దానంతటదే అతుకుతుంది.

దర్శకుడిగా ఆయన చేసిన పనికి నీ వ్యాసంలో ఒక్క పేరా కూడా లేదు. 1980లలో నటి విల్మా శాంటోస్‌తో ఆయన తీసిన కుటుంబ కథలు సంపాదించి చూడు. కెమెరా వెనుక నిలబడినవాడు మళ్లీ కెమెరా ముందుకు వచ్చినప్పుడు నటనలో ఏమైనా తేడా వచ్చిందా, వస్తే ఏ సన్నివేశంలో కనిపిస్తుంది అన్నది గమనించి, ఆ పేరా చేర్చి పంపు.

ఆశీస్సులతో.