వర్టికల్ పోయిన టీవీ

తమ్ముడూ,

టీవీలతో కళ చేసిన కొరియా కళాకారుడు నామ్ జూన్ పైక్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1932లో సియోల్‌లో పుట్టడం, టోక్యోలో చదువు, 1956లో జర్మనీ, 1964లో న్యూయార్క్, 2006లో మరణం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ 'వీడియో ఆర్ట్ పితామహుడు' అని నాలుగుచోట్ల రాశావు, ఆయన చెయ్యి టీవీ మీద పడిన చోటు ఒక్కటీ లేదు. నాకు మనిషి కనపడలేదు.

1963 మార్చిలో జర్మనీలోని వుప్పర్టాల్‌లో పెట్టిన మొదటి ప్రదర్శనను ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడే ఆగాలి నువ్వు. సంగీతం చదువుకున్న మనిషి పాత టీవీలు పోగేసి, లోపలి సర్క్యూట్లు మార్చి, వచ్చే బొమ్మను వంకర్లు తిప్పి జనం ముందు పెట్టాడు. అందులో ఒక సెట్టు తెచ్చేటప్పుడు దెబ్బతింది. తెర మధ్యలో అడ్డంగా ఒక్క గీత, అంతే. ఆయన దాన్ని పారెయ్యలేదు, పక్కకి తిప్పి నిలబెట్టాడు, గీత నిలువుగా నిలబడింది. అదే 'జెన్ ఫర్ టీవీ'.

ఆ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు గుంటూరు అరండల్‌పేటలో మా టీవీ బాగుచేయించిన కొట్టు గుర్తొచ్చింది. సరిగ్గా దూరదర్శన్‌లో పాటలొచ్చే టైముకి మా ఇంట్లోనూ అదే గీత వచ్చింది. మెకానిక్ వెనక మూత విప్పకముందే "వర్టికల్ పోయిందండీ" అన్నాడు. పిక్చర్ ట్యూబ్ బాగానే ఉంటుంది, పాట వినపడుతూనే ఉంటుంది, ఎలక్ట్రాన్ల ధార పైకీ కిందికీ కదలడం మానేసి అడ్డంగానే తిరుగుతుంది కాబట్టి బొమ్మంతా ఆ గీతలోకి నలిగిపోతుంది. పాడేవాళ్లూ, ఆడేవాళ్లూ, వెనకున్న చెట్లూ అన్నీ అందులోనే ఉన్నాయని తెలిశాక నేను దాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

మీ విజయవాడలో, గవర్నర్‌పేట వైపు, పాత టీవీలు తెలిసిన పెద్దాయన ఎవరైనా ఉన్నారేమో వెతుకు. దగ్గర కూర్చుని ఆ గీత ఎందుకొస్తుందో ఆయన మాటల్లోనే చెప్పించుకో.

'టీవీ బుద్ధ'కి రెండు పేరాల తత్వం రాశావు కదా, 1974 నాటి ఆ పనిలో అసలేముందో రాయలేదు. ఒక బుద్ధ విగ్రహం, ఎదురుగా టీవీ, విగ్రహం మీదికి తిప్పిన కెమెరా, తెర మీద ఆ బుద్ధుడే. ముందు ఇది చెప్పు. తత్వం తీసేసినా నాకేం బాధ లేదు. అవార్డుల పేరా కూడా తీసెయ్.

ఆదివారం లోపు వుప్పర్టాల్ భాగం ఒక్కటే తిరగరాసి పంపు. గీత ఇంకా అడ్డంగా ఉన్నప్పుడే మొదలుపెట్టు.