పాత భవనాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కోల్‌కతా కరెన్సీ బిల్డింగ్‌లో నడిమి హాలుకు పైకప్పు లేదెందుకు? మా ఊళ్ళోని పాత బ్యాంకు మేడను గ్రంథాలయంగా మారుస్తున్నాం. చెమ్మ గోడలకు సిమెంటు పూయించవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: డల్హౌసీ స్క్వేర్‌లోని ఆ భవనం 1833 నాటిది. మొదట ఆగ్రా బ్యాంకుది. 1868 నుంచి ప్రభుత్వ కరెన్సీ ఆఫీసు. 1935లో పుట్టిన రిజర్వ్ బ్యాంకు కేంద్ర కార్యాలయం 1937లో బొంబాయికి తరలేదాకా ఇక్కడే ఉండేది. 1990ల్లో కూల్చివేత మొదలై, నడిమి హాలు మీది మూడు గుమ్మటాలూ పోయాక ఆగింది. పురావస్తు శాఖ మిగిలింది బాగుచేసి, ఆ హాలును ముంగిలిగానే ఉంచింది. 2020 జనవరిలో మ్యూజియంగా తెరిచారు. లేని గుమ్మటాలను కొత్తగా కట్టకపోవడమే సరైన పని.

ఇక మీ గోడలు. సిమెంటు వద్దే వద్దు! ఇటుకలోని తడి బయటికి పోలేక లోపలే ఉండిపోతుంది. ఉప్పు గడ్డకట్టి ఇటుక ముఖం పొరలు పొరలుగా రాలుతుంది. పైకప్పు ఇనుప దూలాల మీద ఉంటే ఇంకా ప్రమాదం: తుప్పు ఉబ్బి ఇటుకలను చీలుస్తుంది.

ముందు వాన గొట్టాలు, డాబా పగుళ్లు బాగుచేయించండి. గోడ ఆరాక ఉప్పును పొడి బ్రష్‌తో దులపండి, కడగొద్దు. కనీసం మూడు వారాలు నానిన సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక మూడు పాళ్లు కలిపి గానుగ పట్టించండి. గోడ తడిపి, పూత 10 మి.మీ. మించకుండా వేయించండి. వారంపాటు తడి గోనెలు కప్పండి. తొందరగా ఆరితే నెర్రెలిస్తుంది. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ కాదు, సున్నమే కొట్టించండి.