ప్రోస్టేట్ క్యాన్సర్ చికిత్స తర్వాత కాళ్లు ఎందుకు బరువెక్కి తిమ్మిరిగా ఉంటాయి?

నాన్నగారికి రేడియేషన్ అయి ఏడాది దాటింది, హార్మోన్ ఇంజెక్షన్లు నడుస్తున్నాయి, కాళ్లు బరువుగా, మొద్దుబారినట్టు ఉన్నాయంటున్నారు, కారణం తేలలేదు అని అడిగారు.

ముందు అసలు టెన్షన్ పడాల్సిన విషయం చెప్పేస్తా. ఈ క్యాన్సర్ వెన్నెముకకు పాకి వెన్నుపామును నొక్కితే ఇలాగే మొదలవుతుంది. కొత్తగా వెన్నునొప్పి, అదీ పడుకున్నా దగ్గినా ఎక్కువవడం, మెట్లెక్కుతుంటే కాళ్లు తేలిపోవడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, కూర్చునే చోట స్పర్శ తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లి వెన్నెముక మొత్తానికి ఎంఆర్ఐ అడగండి. నడక పూర్తిగా పోయాక తిరిగి రావడం చాలా కష్టం. ప్రోస్టేట్ క్యాన్సర్‌ను గమనించే రక్తపరీక్ష పీఎస్ఏ తక్కువుందని ధీమాగా ఉండొద్దు.

అవేవీ లేకపోతే వేరే కారణాలు చూడాలి. హార్మోన్ ఇంజెక్షన్లతో టెస్టోస్టెరాన్ పడిపోయి తొడల కండ కరుగుతుంది, బరువు అందుకే అనిపించొచ్చు, కానీ తిమ్మిరికి అది సరిపోయే జవాబు కాదు. డోసిటాక్సెల్ కీమో తీసుకున్నవాళ్లకు రెండు పాదాలూ మేజోళ్లు తొడిగినట్టు మొద్దుబారతాయి, కాలి చెప్పు జారిపోయినా తెలియదు. రేడియేషన్ వల్ల కటిభాగం నరాలు దెబ్బతినడం అరుదు, అయితే ఏళ్ల తర్వాత కూడా బయటపడొచ్చు. బొటనవేలితో నొక్కితే గుంట పడుతుంటే అది నీరు. ఒక్క పిక్కే వాచి నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో, అది కూడా అదే రోజు చూపించాల్సిందే.

షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్లుగా వాడుతుంటే బి12 విటమిన్ తగ్గి తిమ్మిరి రావొచ్చు, ఆ పరీక్ష కూడా చేయించండి, చాలామంది మర్చిపోయేది ఇదే.