మా మందారం దగ్గర ఒక చిన్న పిట్ట తిరుగుతోంది, అది హమ్మింగ్‌బర్డేనా? నర్సరీలో హమీలియా అనే పూల పొదను ‘అరుదైన హమ్మింగ్‌బర్డ్ బుష్’ అని ఎక్కువ ధర చెప్పారు. హన్మకొండలో మేడ మీద హమీలియా పెంచితే హమ్మింగ్‌బర్డ్ వస్తుందా?

రాదండి. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేవు. ఉత్తర అమెరికా తూర్పు వైపు మామూలుగా కనిపించే రూబీ థ్రోటెడ్ అనే రకం బరువు మూడు గ్రాముల పైచిలుకు, అంతే. మీ మందారం దగ్గర తిరుగుతున్నది మన తేనెపిట్ట. హమ్మింగ్‌బర్డ్ గాలిలో నిలబడి తాగుతుంది. తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ మీద వాలి, మెడ వంచి తాగుతుంది. ఊదా తేనెపిట్టల్లో మగది జతకట్టే కాలంలో నల్లగా ఉండి, ఎండ పడితే నీలంగా మెరుస్తుంది. మిగతా రోజుల్లో పొట్ట పసుపు, గొంతు నుంచి కిందికి ఒక నల్లచార. పొద్దుగూకే వేళ రెక్కలు కనపడనంత వేగంగా ఆడిస్తూ పువ్వు ముందు ఆగేది చూస్తే, అది పిట్టే కాదు, హాక్‌మాత్ అనే రెక్కల పురుగు. తల మీద మీసాలు చూడండి.

ఇక మొక్క. నర్సరీలో ‘అరుదైన హమ్మింగ్‌బర్డ్ బుష్’ అని ఎక్కువ ధర చెప్పారన్నారు కదా, అంత పెట్టకండి. హమీలియా పుట్టిల్లు అమెరికానే గానీ, మన దగ్గర పార్కుల్లో, రోడ్ల పక్కన బాగానే దొరుకుతుంది. వానాకాలంలో పెన్సిల్ లావు కొమ్మ ఆరంగుళాలు కోసి, కింది ఆకులు తీసేసి, రెండు కణుపులు మట్టిలో పోయేలా నాటి నీడలో పెట్టండి. నెల అటూ ఇటూగా వేరు పడుతుంది. తర్వాత పద్నాలుగు అంగుళాల కుండీలోకి మార్చాలి: ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పెంటెరువు ఒకటి, ఇసుక ఒకటి. ఒట్టి నల్లరేగడి పోస్తే నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. మే నెలలో కుండీకి పొద్దున, సాయంత్రం రెండుసార్లూ నీళ్లు.

పూలు కొత్త చిగుళ్ల చివర వస్తాయి. అందుకే వానలు మొదలవగానే మూడోవంతు కత్తిరించండి. యూరియా వేస్తే ఆకే పెరుగుతుంది.

ఎక్కువమంది చెడగొట్టేది పిండినల్లి వచ్చినప్పుడు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందు మొక్కంతా పాకి పూతేనెలోకీ చేరుతుంది. పైగా తేనెపిట్టలు పిల్లలకు పెట్టేది పురుగులు, సాలీళ్లనే. అవి చచ్చినా నష్టమే. ముందు నీళ్లు గట్టిగా కొట్టండి. తగ్గకపోతే లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకుల అడుగున కొట్టండి, పూల మీద పడనీయకండి.

పిట్టల కోసం చక్కెరనీళ్ల సీసా వేలాడదీయాల్సిన పని లేదు. మన ఎండకు ఒక్కరోజులో పులుస్తుంది.