నీ నోట్లో ఉన్న రెండో భాష

ప్రియమైన నాయనా,

ప్రభువు నామంలో వందనాలు. నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. "సంఘంలో అందరూ ఏదో ఒకటి చేస్తున్నారు పెదనాన్నా, నాకు పాట రాదు, మైకు పట్టుకుంటే చెమటలు పడతాయి, కుర్చీలు సర్దడం తప్ప నావల్ల ఏమవుతుంది" అని రాశావు. కుర్చీలు సర్దడం చిన్న పనేం కాదు. ముందు ఆ మాట వెనక్కి తీసుకో.

పోయిన క్రిస్మస్‌కి నువ్వు చిత్తూరు వచ్చినప్పుడు బస్టాండులో ఒక ముసలాయన తిరువణ్ణామలై బస్సు ఎక్కడాగుతుందని అడిగాడు. నువ్వు ఫోన్ చూసుకుంటూనే తమిళంలో దారి చెప్పి పంపించావు. నీకు గుర్తుండదు. మంచినీళ్లు తాగినంత సులువుగా చేసిన పని ఎవరికి గుర్తుంటుంది? నాకు మాత్రం గుర్తుంది. ఆ ముసలాయన అప్పటికే ముగ్గురిని అడిగి ఉన్నాడు. ఆస్పత్రిలో భాష రాక ఇబ్బందిపడే రోగులకు ఆ తమిళంతోనే నువ్వు సాయపడొచ్చు.

ఆ భాష నువ్వు కష్టపడి సంపాదించింది కాదు. 1911 దాకా మన చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. 1960లో మద్రాసు రాష్ట్రానికి ఇచ్చేదాకా తిరుత్తణి మన జిల్లాలోదే. ఆ తిరుత్తణి పక్కనుంచి మీ నాయనమ్మ కోడలిగా వచ్చింది. ప్రార్థన తెలుగులో చేసేది, మమ్మల్ని తిట్టేది మాత్రం తమిళంలో. అలా ఆమె ఒళ్లో నీకు ఊరికే వచ్చిన భాష అది. నీకున్నదాంట్లో నువ్వు పొందనిది ఏముంది అని పౌలు కొరింథు వాళ్లను అడిగింది ఇలాంటివాటి గురించే అనుకుంటాను.

పేతురు తన మొదటి పత్రికలో కృపావరం పొందినవాళ్లను గృహనిర్వాహకులు అన్నాడు. ఆ మాట అర్థం కాకపోతే మన వీధి రేషన్ డీలర్‌ని చూడు. కొట్టు నిండా బియ్యం ఉంటుంది, ఒక్క గింజ ఆయనది కాదు. కార్డు పట్టుకుని వచ్చినవాళ్లదే అదంతా. ఆయన పని సరిగ్గా తూచి ఇవ్వడం. మూట విప్పకుండా మూల పెట్టుకుంటే తప్పు, తూకంలో కొంచెం నొక్కేసినా తప్పే. ఈ రెండో తప్పు నేను చేశాను, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

నేను ట్రెజరీలో పనిచేసే రోజుల్లో రెండో శనివారాలు వేలూరు బస్సెక్కేవాణ్ణి. ముప్పై అయిదు కిలోమీటర్లు. అక్కడి సీఎంసీ 1900లో ఐడా స్కడర్ అనే అమ్మ ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల. ఆమె పడుచుపిల్లగా ఉన్నప్పుడు ఒకే రాత్రి ముగ్గురు మగాళ్లు వచ్చి మా ఆడవాళ్లకు కాన్పు కష్టమైంది, రమ్మన్నారు. ఆమె తండ్రి డాక్టరు, కానీ మగ డాక్టరు వద్దన్నారు వాళ్లు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు. అవసరం తలుపు తట్టాకే ఆ అమ్మ డాక్టరు చదువుకి వెళ్లింది. నీది అంతకంటే సులువు, చదువు ముందే అయిపోయింది.

కడప, అనంతపురం వైపు నుంచి ఆ ఊరికి వైద్యానికి వచ్చేవాళ్లు ఎందరో. ఫైలు పట్టుకుని, నోరుండీ మూగవాళ్లలా నిలబడేవాళ్లు. నేను పక్కన కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పేవాణ్ణి. భాషలకు అర్థం చెప్పడం కూడా పౌలు వరాల జాబితాలో ఉంది. అక్కడ ఆయన చెప్పింది వేరే భాషల సంగతి, నేను దీంతో కలుపుతున్నానని మీ పాస్టరు గారు కోప్పడొచ్చు. కోప్పడనీ. తెలియని భాషలో పదివేల మాటలకన్నా తెలిసేలా అయిదు మాటలు మేలని అన్నదీ ఆయనే కదా.

ఇప్పుడు నా తప్పు. ఒకసారి ఇంకో ఊరి ఆస్పత్రిలో ఒకామె భర్తకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఈ వారంలోనే డయాలసిస్ మొదలుపెట్టాలని డాక్టరు తమిళంలో గట్టిగా చెప్పాడు. ఆమె ముఖం చూసి నా మనసు ఒప్పలేదు. "భయపడాల్సిందేం లేదమ్మా, త్వరలో ఏదో మిషన్ పెట్టాలంటున్నారు" అని మెత్తగా చెప్పాను. వాళ్లు ఊరెళ్లిపోయారు. పది రోజులకు ఆయన్ని ఒళ్లంతా వాపుతో స్ట్రెచర్ మీద తెచ్చారు. మనిషి దక్కాడు. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు, "ఆ రోజు ఇంత తొందరని తెలియలేదన్నా" అంది, అంతే. జాలి నాది, దాని ఖరీదు కట్టింది వాళ్లు. ఆ మాటలు నావి కావు, వాటిని మెత్తబరిచే హక్కు నాకు లేదు.

అందుకని చెప్తున్నా, ఉన్నది ఉన్నట్టు చెప్పు. డాక్టరు ఒకటి రెండు వాక్యాలు చెప్పగానే ఆపమని అడుగు, ఏమీ అనుకోరు. రోగి "తలై సుత్తుదు" అంటే తల తిరుగుతోందని, తలనొప్పి కాదు. "నెంజెరిచ్చల్" గుండెల్లో మంట, "నెంజువలి" గుండెనొప్పి. ఆ రెండూ తారుమారైతే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. రానిమాట వస్తే "నాకు తెలియదు, ఇంకోలా చెప్పండి" అను. ఊహించి చెప్పకు. మాత్రలు ఎన్ని, ఎప్పుడు, మళ్లీ రావాల్సిన తేదీ, ఇవి కాగితం మీద రాసివ్వు. చివర్లో వాళ్ల నోటితోనే ఒకసారి తిరిగి చెప్పించుకో.

మీ తిరుపతిలో ఈ అవసరం నాకంటే నీకే బాగా కనిపిస్తుంది. కొండకు వచ్చిన తమిళులు జబ్బుపడితే రుయా ఆస్పత్రికో స్విమ్స్ ఆస్పత్రికో పోతారు, మోకాళ్లవాళ్లు బర్డ్ ఆస్పత్రికి పోతారు. వార్డులోకి నేరుగా చొరబడకు. ముందు పర్మిషన్ అడుగు, నీ ఆధార్ చూపించు. ఆస్పత్రుల దగ్గర డబ్బులు గుంజే దళారులుంటారు, నిన్నూ అలాగే చూస్తారు మొదట్లో. టీ ఇస్తే తాగు, డబ్బిస్తే వద్దను, ఆటో చార్జీ కూడా. ఇంకోటి, జేబులో కరపత్రం ఉండకూడదు. గుండు చేయించుకుని గోవింద అంటూ వచ్చిన మనిషి జ్వరంతో పడి ఉంటే అతని నిస్సహాయత నీకు సువార్త సభ కాదు. యేసు చెప్పిన కథలో సమరయుడు దారిన దెబ్బలు తిని పడి ఉన్న మనిషి గాయాలకు నూనె, ద్రాక్షారసం పోశాడు, సత్రంవాడికి రెండు దేనారాలు ఇచ్చాడు. ప్రసంగం చేశాడని లూకా ఎక్కడా రాయలేదు. వాళ్లే ఎందుకు చేస్తున్నావని అడిగితే అప్పుడు చెప్పు, దాచొద్దు.

అన్నిటికన్నా కష్టమైంది నోరు కట్టుకోవడం. డాక్టరు గదిలో విన్నది బుధవారం కూటంలో "ప్రార్థన అవసరత" అని లేచి చెప్పకు. మన సంఘాల్లో ఊరి గుట్టంతా ఆ పేరుతోనే బయటపడుతుంది, నీకూ తెలుసు. పేరు చెప్పకపోయినా ఊరు, వయసు చెబితే తెలిసిపోతుంది. దేవుడికి నువ్వొక్కడివే చెప్పినా వినిపిస్తుంది.

నెలకు రెండు ఆదివారాలు, ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం మూడు గంటలు చాలు. షాపులో నీ బిల్లింగ్ పని ఎగ్గొట్టి పోవద్దు. ఇంట్లో నీ భార్యను అడక్కుండా అసలే పోవద్దు. మోషే పొద్దుననుంచి సాయంత్రందాకా ప్రజల తగవులు తీరుస్తూ ఒక్కడే కూర్చుంటే మామ యిత్రో వచ్చి ఇది మంచి పద్ధతి కాదన్నాడు. నీకు మామలేడు, కాబట్టి ఆ మాట నేనే అంటున్నాను. తమిళం వచ్చినవాళ్లు మీ సంఘంలో ఇంకో ఇద్దరైనా ఉంటారు, వెతుకు.

మొదటిసారి వెళ్లేముందు శనివారం రాత్రి నాకు ఫోన్ చెయ్యి. మీ పెద్దమ్మ డాక్టరుగా తెలుగులో మాట్లాడుతుంది, నేను రోగిని, తమిళంలో చెప్పుకుంటాను. మధ్యలో నువ్వు. మోకాలినొప్పి కోసం నేను కొత్తగా నటించాల్సిన పని కూడా లేదు.

ప్రేమతో,
మీ పెదనాన్న, చిత్తూరు